పసుపు మోదుగని సీసాలో పెంచవచ్చా?

అడిగినదేమిటో ముందు రెండు మాటల్లో చెప్పుకుందాం. ఈ ప్రశ్న రాసి పంపినాయన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. చోడవరం దాటాక అత్తవారి జీడితోట గట్టున ఒక మోదుగ చెట్టుంది. చుట్టుపక్కల మోదుగలన్నీ ఫాల్గుణంలో నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా పూస్తే, ఇదొక్కటే పసుపుపచ్చగా పూస్తుందట. దీని నుంచి టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న ముక్క కోసి సీసాలో పోషకాల మీద పెంచే పద్ధతిలో, వేల మొక్కలు తీసి అమ్మవచ్చా, ఆ గదిలోనే ల్యాబ్ పెట్టుకోవచ్చా అన్నది ప్రశ్న. మోదుగకి సీసాలో పిలకలు తెప్పించారని పరిశోధన వ్యాసాలు రెండు చదివానని కూడా రాశారు.

నేను ఆనందపురం వైపు చిన్న ల్యాబ్ నడిపినవాణ్ణి. అరటి నన్ను బతికించింది. చెట్ల జోలికి వెళ్లి ఆ సంపాదనలో కొంత పోగొట్టుకున్నాను. కాబట్టి నా జవాబులో కాస్త చేదు ఉంటే మన్నించండి.

మీరు చదివిన ఆ రెండు వ్యాసాలూ మళ్లీ తీయండి. ఫలితాలు, ఫొటోలు వదిలేసి, మొదటి ముక్క ఎక్కడి నుంచి కోశారో అది మాత్రం చూడండి. చెట్ల మీద వచ్చే ఇలాంటి వ్యాసాల్లో చాలావాటికి మొదలు గింజే. గింజని శుభ్రం చేసి సీసాలోనే మొలిపిస్తారు. ఆ పసిమొక్క బీజదళాల దగ్గరి కణుపు కోసి దాని నుంచి పిలకలు తెప్పిస్తారు. అందులో తప్పేం లేదు. గింజ లోపలి భాగం శుభ్రంగా ఉంటుంది, లేత కణజాలం చెప్పిన మాట వింటుంది. కానీ గింజ మీ చెట్టు కాదు కదా. మోదుగ పువ్వు తేనె కోసం గోరింకలూ తేనెపిట్టలూ ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదకి తిరుగుతూనే ఉంటాయి. మీ పసుపు చెట్టు కాయలో ఉన్న ఒక్క గింజకి తండ్రి పక్క గట్టు మీది ఎర్ర మోదుగ అయి ఉండవచ్చు. అలాంటి గింజని వెయ్యి చేస్తే, ఏ రంగు పూస్తుందో తెలియని మొక్క మీ చేతిలో వెయ్యి సార్లు ఉంటుంది. ఆ సంగతి కొన్నవాడికి కొన్నేళ్ల తర్వాత తెలుస్తుంది. అప్పటికి మీ ఫోన్ నంబరు మారకపోతే మీకూ తెలుస్తుంది.

అంటే మనకి కావలసింది ఆ చెట్టు సొంత కణజాలమే. అసలు తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

చెట్టు వయసు ఒళ్లంతా ఒకేలా ఉండదు. పూసే కొమ్మల చివర్లు ముదురు. మొదలు దగ్గర, వేర్ల దగ్గర ఉన్న భాగం చెట్టు ఎంత పెద్దదైనా పసితనం పోగొట్టుకోదు. పూసిన కొమ్మ మొగ్గ తెచ్చి సీసాలో పెడితే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. మొదటి రోజు బాగానే ఉంటుంది. రెండో రోజు కోసినచోట చుట్టూ సీసాలోని అగర్ జెల్లీలోకి సన్నగా గోధుమరంగు దిగుతుంది, వేడినీళ్లలో టీపొడి వేసినట్టు. వారం తిరిగేసరికి మొగ్గ నల్లబడి ఆ రంగులో తనే ఉడికిపోతుంది. మోదుగ మానుకి గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది చూశారా, బెంగాల్ కైనో అంటారు. అది టానిన్లనే వగరు పదార్థాల మయం. అంత టానిన్ దాచుకున్న చెట్టు, కోసిన ముక్కలో ఊరుకుంటుందా? ఆస్కార్బిక్ ఆసిడ్, సిట్రిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో ముక్కని కడగడం, మీడియంలో, అంటే మొక్కకి తిండి కలిపిన ఆ జెల్లీలో, యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే బొగ్గుపొడి వేయడం, మొదటి వారం చీకట్లో ఉంచడం, రెండు మూడు రోజులకోసారి కొత్త సీసాలోకి మార్చడం లాంటి ఉపాయాలున్నాయి. అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆ తరచూ మార్చడమే. అందరికీ బద్ధకం వచ్చేదీ అక్కడే.

ముదురు చెట్టు నుంచి అసలు సాధ్యం కాదని అనను. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీవాళ్లు 1980లోనే నూరేళ్ల టేకు చెట్ల మొగ్గల నుంచి మొక్కలు తీశారు. కాకపోతే వాళ్లు పరిశోధకులు, అదే వాళ్ల ఉద్యోగం. మేడ మీద గదితో మొదలుపెట్టే మనిషి అక్కడి నుంచి మొదలుపెట్టకూడదు.

ఈ విషయంలో మోదుగ మనకి ఒక మేలు చేస్తుంది. దాని వేర్ల నుంచి పిలకలు లేస్తాయి. మోదుగ కొట్టేసిన చేను దున్నిన రైతుని అడగండి, ఎన్నిసార్లు పీకినా మళ్లీ లేచే ఆ పిలకల గురించి తిట్లతో సహా చెబుతాడు. ఆ వేరు పిలక మీ చెట్టు ఒంట్లోదే, అందులోనూ పసిది. టిష్యూ కల్చర్‌కి ఇంతకంటే మంచి మొదలు ఉండదు. తొలకరి పడ్డాక చెట్టు మొదలు నుంచి బొటనవేలంత లావున్న వేరు ఒకటి చూసుకోండి. మట్టి తీస్తూ మీటరు, మీటరున్నర దూరం దాని వెంటే వెళ్లండి. అక్కడ మట్టి పక్కకి తోసి, వేరుకి కత్తితో గాటు పెట్టి, పైభాగం వెలుతురు తగిలేలా వదిలేయండి. రెండు వేర్లకి మించి కదపకండి, చెట్టు ఒకటే ఉంది. ఏ వేరైనా మానుదాకా చేత్తో తడిమి చూసుకోకుండా గాటు పెట్టవద్దు. గట్టు మీద రెండు మోదుగలుంటే వేర్లు కిందనే కలగలిసిపోయి ఉంటాయి. పసుపు అనుకుని ఎర్రదానికి ఆర్నెల్లు సేవ చేసినవాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును. పేరు చెప్పను, రోజూ అద్దంలో కనిపిస్తాడు.

పిలక లేచి సొంత వేర్లు పట్టాక కుండీలోకి మార్చి, వాన పడని చోట, పాలిథిన్ కప్పు కింద రెండు మూడు నెలలు పెంచండి. నీళ్లు మట్టికే పోయండి, ఆకు తడవకూడదు. పది రోజులకోసారి బావిస్టిన్ లాంటి శిలీంద్రనాశిని కొట్టండి. అలా వచ్చిన కొత్త చిగురునే సీసాలోకి తీసుకోవాలి. పొలంలో చెట్టు నుంచి కోసి తెచ్చిన ముక్కలతో నూరు సీసాలు పెడితే, పదో రోజుకి బూజు పట్టనివి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. మన తీరంలో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో బూజు తప్ప ఇంకేమీ లేదా అనిపిస్తుంది.

శుభ్రం చేసే వరస అందరూ చెప్పేదే. కుళాయి నీళ్ల కింద అరగంట, నీళ్లలో ఒక చుక్క డిటర్జెంట్. తర్వాత బావిస్టిన్ నీళ్లలో ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి లామినార్ లోపల, అంటే వడకట్టిన గాలి వీచే పెట్టెలో: డెబ్బై శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, సోడియం హైపోక్లోరైట్‌లో పది నిమిషాలు, శుద్ధి చేసిన నీళ్లతో నాలుగైదు కడుగులు. వ్యాసాల్లో మెర్క్యూరిక్ క్లోరైడ్ అని ఉంటుంది. బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ అది పాదరసం విషం. వాడిన నీళ్లు ఎక్కడ పారబోస్తారు? ఇంట్లో మనవలు తిరిగే మేడ మీదకి ఆ సీసా ఎక్కించవద్దు.

ఇక మీడియం. అందరి నోటా ఎమ్మెస్ మీడియం అనే మాటే. మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు దాన్ని 1962లో పొగాకు కణజాలం కోసం తయారుచేశారు. పొగాకు తిండిపోతు మొక్క. ఆ ఉప్పుల మోతాదు చాలా చెట్లకి ఎక్కువవుతుంది. 1980లో లాయిడ్, మెకౌన్ చెక్కమొక్కల కోసమే వేరే మీడియం చేశారు, వుడీ ప్లాంట్ మీడియం అంటారు. అమ్మోనియం తక్కువ, ఉప్పులు తక్కువ. నేనైతే చెట్టు అనగానే దానితో మొదలుపెడతాను, లేదా ఎమ్మెస్ సగం బలంతో. లీటరుకి చక్కెర ఇరవై నుంచి ముప్ఫై గ్రాములు, అగర్ ఏడెనిమిది గ్రాములు, పీహెచ్ 5.8 దగ్గర. క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర, పదిహేను పౌండ్ల ఒత్తిడిలో, పదిహేను ఇరవై నిమిషాలు. మొదట్లో పెద్ద ప్రెజర్ కుక్కర్ సరిపోతుంది, నేనూ దానితోనే మొదలుపెట్టాను. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే. సముద్రానికి దగ్గరగా ఉన్న బోరు నీళ్లలో అసలే ఉప్పు ఉంటుంది. దానికి మీరు కొలిచి వేసిన ఉప్పులు తోడైతే ఆ కొలతకి అర్థమే లేదు.

హార్మోన్ విషయంలో కొత్తవాళ్లందరిదీ ఒకటే ఆశ: పిలకలు తెప్పించే బీఏపీ అనే హార్మోన్ కాస్త ఎక్కువ వేస్తే పిలకలు ఎక్కువొస్తాయని. లీటరుకి అర మిల్లీగ్రాము, ఒకటి దగ్గర మొదలుపెట్టండి. పెంచుకుంటూ పోతే ఆకులు గాజులా పారదర్శకంగా ఉబ్బుతాయి. వేలితో నొక్కితే ఉడికిన ఉల్లిపాయ పొరలా చితుకుతాయి. అవి చూడ్డానికి పచ్చగా బలంగా ఉంటాయి, బయటికి తీసిన రోజునే చస్తాయి. కల్లస్ అనే రూపంలేని కణాల ముద్ద వచ్చి దాని నుంచి మొక్కలు లేచినా సంబరపడకండి. ముద్ద నుంచి వచ్చినవాటిలో తేడాలు రావచ్చు. మనం కాపాడుకుంటున్నదే ఒక తేడాని, అదే ఆ పసుపు రంగుని. ఆకు పంగలో ఉన్న మొగ్గ నుంచి వచ్చిన పిలకనే నమ్మాలి.

మోదుగలో ఇంకో జబ్బు ఉంది. పిలక బాగా సాగుతుంది, ఉన్నట్టుండి చిగురు కొస నల్లగా మాడిపోతుంది. బూజు అనుకుంటారు, కాదు. కాల్షియం మొక్కలో నీటి ప్రవాహం వెంట మాత్రమే పైకి వెళ్తుంది. మూత బిగించిన సీసాలో తేమ నిండా ఉంటుంది కాబట్టి ఆకు నీరు వదలదు. నీరు కదలకపోతే కాల్షియం కొసదాకా చేరదు, అన్నిటికంటే వేగంగా పెరిగే చిగురే ముందు ఆకలితో పోతుంది. సీసాలు తొందరగా మార్చడం, గాలి ఆడే ఫిల్టర్ మూతలు వాడడం, కాల్షియం కాస్త పెంచడం మందు. ఈ సంగతి తెలియక మా దగ్గర ఒక బ్యాచ్ మొత్తాన్ని కాంటామినేషన్, అంటే బూజు పట్టింది అని పారేశాం. సీసాలు కడిగే అమ్మ, “బాబూ, బూజు పట్టింది కాదండి ఇది, పుల్లటి వాసనే లేదు” అంటూనే ఉంది. ఆమె ముక్కుని నమ్మి ఉంటే సరిపోయేది. చాలాసార్లు మా మైక్రోస్కోప్ కంటే అదే ముందు పట్టేసేది.

వేల మొక్కల లెక్క కాగితం మీద చాలా బాగుంటుంది. ఒక పిలక అయిదు వారాలకోసారి మూడైతే, పది సార్లకి 59,049. అంటే ఏడాదిలో అరవై వేలు! కొత్త ల్యాబుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ లెక్క ఉంటుంది, ఆ ల్యాబుల్లో ఆ మొక్కలు ఉండవు. అరటి ఈ లెక్కకి కాస్త దగ్గరగా వస్తుంది. చెట్టు కొన్ని నెలలు అసలు కదలదు, తర్వాత ఒకటి రెండవుతుంది, మళ్లీ కూర్చుంటుంది.

హుద్‌హుద్ తుపాను సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12. సీసాలు పెంచే మా గ్రోత్ రూమ్ అద్దాలు పోయాయి, కరెంటు పోయింది. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉండాల్సిన గదిలో ఏసీ లేదు, లైట్లు లేవు. జనరేటర్‌కి డీజిల్ కోసం బంకు దగ్గర క్యాన్ పట్టుకుని లైన్లో నిలబడ్డాను. మాకు కరెంటు తిరిగి వచ్చేసరికి పది రోజులు దాటింది. అరటి పోయినందుకు బాధపడలేదు, మళ్లీ పిలక తెచ్చుకుంటే నెలల్లో కోలుకుంటుంది. రెండేళ్లుగా బతిమాలి దారికి తెచ్చుకున్న చెట్ల కల్చర్లు పోయాయి. అందులో ఒక దాని తల్లి చెట్టు కూడా ఆ గాలికే కూలిపోయింది. అందుకే ఒక్కటే ఉన్న చెట్టుతో పని పెట్టుకుంటే రెండు ఊళ్లలో రెండు కాపీలు ఉండాలంటాను, ఒకటి సీసాలో కాకుండా మట్టిలో.

సీసా నుంచి మట్టిలోకి వచ్చేటప్పుడు జరిగే మరణాలే ఎక్కువ. లోపల పెరిగిన ఆకు మీద మైనపు పొర సరిగ్గా ఏర్పడదు, దాని రంధ్రాలకి మూసుకోవడం రాదు. బయటపెట్టి ఫ్యాన్ కింద పది నిమిషాలు ఉంచితే చాలు, ఉప్పు చల్లిన ఆకుకూరలా వాలిపోతుంది. వేర్లకి అంటిన అగర్ గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కడగాలి. అందులో చక్కెర ఉంటుంది, బూజుకి విందు. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో నాటి, పైన పాలిథిన్ గుడారం కప్పి, మూడో వారం నుంచి రోజుకి కాస్త కాస్తగా తెరవాలి. ఇందులో మన ఊరి తేమ మనకి సాయం చేస్తుంది, ఆగస్టులో విశాఖలో హార్డెనింగ్, అంటే ఇలా బయటి గాలికి అలవాటు చేయడం, చేసినంత సులువుగా లోపలి జిల్లాల్లో చేయలేరు. మే నెలలో మాత్రం ఆ పని పెట్టుకోకండి.

ఇన్ని దాటుకుని మొక్క చేతికొచ్చిందనుకోండి. అప్పుడు ఎవరూ ముందుగా చెప్పని మెలిక ఒకటుంది. పసితనం ఉన్న కణజాలంతో మొదలుపెట్టాం కదా, ఆ పసితనం మొక్కకీ వస్తుంది. గింజ మొక్క ఎన్నేళ్లకి పూస్తుందో ఇదీ దాదాపు అన్నేళ్లు తీసుకుంటుంది. ల్యాబ్‌లో మనల్ని కాపాడిన గుణమే కొనేవాడి పెరట్లో ఎదురుచూపు అవుతుంది. పూత కోసం డబ్బిచ్చినవాడు మూడో ఏడాదికే ఫోన్ చేస్తాడు.

అంటు మొక్క సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పూసే కొమ్మ నుంచి తీసిన పుల్ల ముదురుది, అంటుకున్నాక పూతకి తొందరగా వస్తుంది. సీసాలో పనికిరాని ముదురుతనం ఇక్కడ లాభం. కింద వేర్లిచ్చే మొక్క ఎర్ర మోదుగ గింజదే అయినా ఫరవాలేదు, పైన పూసేది పసుపే. గింజ మొక్క కాబట్టి తల్లివేరు ఉంటుంది. హుద్‌హుద్ రోజున ఈ ఊళ్లో రోడ్ల మీద పడుకున్న చెట్లని చూసినవాళ్లకి ఆ వేరు విలువ చెప్పనక్కర్లేదు. గింజలు కొత్తవే వేయండి, పాతబడితే మొలవవు. మోదుగ వేరు ముందు కిందికి పరిగెడుతుంది, అందుకని పొడుగు సంచులు కావాలి. పైన పెన్సిలంత లావు రావడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఓపిక పట్టాలి. ఆకు రాలి కొత్త మొగ్గ ఉబ్బే సమయంలో పుల్లలు కోసి, చీలిక అంటు కట్టి, పైన సన్నటి పాలిథిన్ గొట్టం తొడగడమే. కడియం నర్సరీల నుంచి చేయి తిరిగిన మనిషిని రెండు రోజులకి పిలిపించుకోండి. అంటుకున్న మొక్కకి ఇంత అని మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది.

ఇంకో పాత ఉదాహరణ. ఆమ్‌హెర్స్టియా అని బర్మా చెట్టు ఉంది, పూలు షాండిలియర్లలా వేలాడతాయి. చూడాలేగానీ మాటల్లో చెప్పలేం. పెంచిన చోట గింజ అరుదుగా కడుతుంది. అయినా ప్రపంచంలోని పెద్ద తోటలకి చేరిందంటే ఎక్కువగా కొమ్మకి కట్టిన అంట్ల వల్లే. బర్మా క్యాంపు ఉన్న ఊరు మనది, ఎవరి పెరట్లోనైనా ఒకటుంటే నాకు చూపించండి, టీ నేను ఇప్పిస్తాను.

కాబట్టి నా సలహా ఇది. వ్యాపారంగా చూస్తే ముందు యాభై అంట్లు. పసుపు మోదుగ అరుదైనదే, కానీ అరుదైనదాన్ని అడిగేవాళ్లు కూడా అరుదే. రిసార్టులు, లేఅవుట్లు, గుళ్లు, నాలాంటి పిచ్చివాళ్లు కొందరు. టిష్యూ కల్చర్ ఖర్చు గిట్టుబాటు కావాలంటే ఒకే రకం మొక్క వేలల్లో, ఏటేటా అమ్ముడవాలి. అరటికి ఆ గిరాకీ ఉంది. మోదుగకి వస్తే చాలా సంతోషం, అప్పుడు వేరు పిలకలతో పెంచిన తల్లి మొక్కలు మీ కుండీల్లో సిద్ధంగానే ఉంటాయి. వాటిని పట్టుకుని నడుస్తున్న ల్యాబ్‌కి వెళ్లి జాబ్ వర్క్ ఇవ్వడం, సొంతంగా పెట్టడంకంటే చవక. ఆసక్తి కోసమైతే మాత్రం గదిలో పెట్టుకోండి, నేను అడ్డు చెప్పను. రిటైరైన మనిషికి రోజూ పొద్దున్నే సీసాలు చూసుకోవడంకంటే మంచి టెన్షన్ లేదు. అయితే మొదటి ఏడాది దాని మీద రూపాయి ఆదాయం లెక్క వేసుకోవద్దు.

చెట్టు పట్టా భూమిలోనే ఉందని రాశారు, మంచిదే. గట్టు అవతల రిజర్వ్ ఫారెస్ట్ అయితే సర్వే రాయి ఎక్కడుందో ముందే చూసుకోండి. అడవిలో చెట్టైతే అటవీశాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా కోయకూడదు.

ఈ ఏడు పూత ఉన్నప్పుడే వెళ్లండి. పువ్వు రాలాక పసుపు మోదుగకీ ఎర్ర మోదుగకీ మన కంటికి తేడా ఉండదు, మూడు ఆకులూ అవే. పూసిన కొమ్మలకి అంటు పుల్లల కోసం నాలుగైదు చోట్ల పెయింటు గుర్తు పెట్టండి, మానుకీ ఒకటి. వేరు తవ్వే రోజున తోట చూసే పెద్దాయనని పక్కన ఉంచుకోండి. పాత ఎర్ర మోదుగ మొద్దు ఏ మూల కొట్టేశారో, దాని వేర్లు ఎటు పాకాయో ఆయనకి తెలిసి ఉంటుంది.